బ్లీచింగ్ పౌడర్‌తో పని – 3వ పాఠం: డబ్బా మూత తీసే ముందు

గత పాఠంలో ఇంటి పైన ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో లెక్కకట్టాం. ఈసారి పొడి కలుపుతాం. చదవడం పూర్తయ్యాకే డబ్బా ముట్టుకోండి.

వానలు మొదలైతే పంచాయతీ వాళ్లు కాలువల వెంట సున్నం, బ్లీచింగ్ చల్లుతారు. రెండూ తెల్లటి పొడులే కాబట్టి, బ్లీచింగ్ కూడా సున్నం లాంటిదేలే అనుకుంటాం. కాదు. అది బలమైన ఆక్సీకరణి, అంటే ఎదుటి పదార్థం నుంచి ఎలక్ట్రాన్లు లాక్కునేది. నీళ్లలో క్రిముల్ని చంపేది ఆ గుణమే. మన కళ్లనీ ఊపిరితిత్తుల్నీ గాయపరిచేదీ అదే.

అన్నిటికన్నా నాకు భయం యాసిడ్ గురించి. బాత్రూమ్ కడగడానికి కొనే యాసిడ్ సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది బ్లీచింగ్‌ని తాకగానే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒకసారి మా బాత్రూమ్‌లో బ్లీచింగ్ చల్లి, మరక పోలేదని దాని మీదే యాసిడ్ పోశాను. తలుపు మూసి ఉంది. గొంతు పట్టేసింది, కళ్లు తెరవలేకపోయాను. తడుముకుంటూ బయటపడ్డా, దగ్గు సాయంత్రం దాకా వదల్లేదు. అప్పటినుంచి మా ఇంట్లో ఆ రెండూ ఒకే గదిలో ఉండవు.

క్లోరిన్ గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు. పైకి పోదు, కిందే పేరుకుంటుంది. అందుకే సంపులోకి దిగి బ్లీచింగ్ పని ఎప్పుడూ చేయకండి.

యూరియా బస్తాల పక్కన, కిరోసిన్, నూనెల పక్కన కూడా డబ్బా పెట్టొద్దు. ఈత కొలనులకు వాడే, 65–70 శాతం క్లోరిన్ ఉండే బ్లీచింగ్ గుళికలైతే బ్రేక్ ఆయిల్ కలిసినా మంట పుట్టిస్తాయి. ముగ్గుపిండి డబ్బాలో మాత్రం అస్సలు పోయకండి, పిల్లలు చేతిలోకి తీసుకుంటారు.

ఇక కలపడం. తాజా పొడిలో క్లోరిన్ సుమారు 33 శాతం. 1000 లీటర్లకు 2.5 గ్రాములు తూచండి. చేతికి రబ్బరు తొడుగు, కళ్లకు అద్దాలు, ముక్కుకు గుడ్డ పెట్టుకుని, గాలి వెనకనుంచి వీచేలా ఆరుబయట నిలబడండి. ప్లాస్టిక్ మగ్గులో ముందు నీళ్లు పోసి, పొడిని కొంచెం కొంచెంగా వేసి కర్రతో కలపండి. ఇనుప గిన్నె వద్దు, తినేస్తుంది. పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నపు మడ్డి అడుక్కి చేరుతుంది. పైన తేరిన నీళ్లే ట్యాంకులో పోయాలి. గంట దాకా ఎవరూ కుళాయి తిప్పకూడదు.

పొడి కంట్లో పడితే కుళాయి ధార కింద 15–20 నిమిషాలు ఆపకుండా కడిగి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. నలపొద్దు. వాయువు పీలిస్తే వెంటనే బయటి గాలికి తీసుకెళ్లి, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి. ఒక్కోసారి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. కాబట్టి బాగా పీల్చినవాళ్లు కుదుటపడినట్టు కనిపించినా ఆసుపత్రిలో చూపించాల్సిందే. పొరపాటున మింగితే బలవంతంగా వాంతి చేయించకండి, గొంతు రెండోసారి కాలుతుంది.

వచ్చే పాఠానికి ఒక క్లోరోస్కోప్, అంటే నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూసే చిన్న కిట్, సిద్ధం చేసుకోండి. గంట తర్వాత నీళ్లలో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో రంగు చూసి చెప్పడం నేర్చుకుందాం.