పాత డోడో బొమ్మను ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడం ఎలా?

డోడో అనగానే బానపొట్ట, కొక్కెం లాంటి ముక్కు, వెనక కుచ్చు తోక కళ్లముందు కదులుతాయి. ఎగరలేని ఈ పక్షిని మారిషస్‌లో చివరిసారి చూసింది 1662లో అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. చెరకు తోటల్లో పనికి మన తెలుగువాళ్లు ఆ దీవికి వెళ్లింది 19వ శతాబ్దంలో. అప్పటికి డోడో లేదు, దాని ఫొటో అసలే లేదు. మిగిలినవి ఎముకలు, బొమ్మలు. ఆ బొమ్మల్లో ఏది ఎంత నిజమో ఇలా చూడండి.

మొదట, గీసినవాడు పక్షిని ఎక్కడ చూశాడో కనుక్కోండి. 1601లో మారిషస్‌లో ఆగిన గెల్డర్‌లాండ్ అనే డచ్చి ఓడ దినచర్య పుస్తకంలో డోడో గీతలున్నాయి. అవి అక్కడికక్కడే గీసినవి. బాగా పేరున్న తైలవర్ణ చిత్రాలు వేసిన రూలాంట్ సావరీ మాత్రం మారిషస్ మొహం చూడలేదు.

తర్వాత పక్కనున్న పక్షులను చూడండి. నాకు బాగా నచ్చిన పరీక్ష ఇదే. జహంగీర్ కొలువులోని ఉస్తాద్ మన్సూర్ వేశాడని చెప్పే డోడో చిత్రం ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. అందులో డోడో చుట్టూ చిన్న చిలుక, ట్రాగోపాన్ అనే హిమాలయాల కోడిజాతి పక్షి, చలికాలం మన దేశానికి వలసొచ్చే చారల తల బాతులు ఉంటాయి. అవన్నీ ఇప్పటికీ బతికున్న పక్షులే కాబట్టి పోల్చి చూడొచ్చు. జాతి గుర్తుపట్టేంత సరిగ్గా ఉన్నాయి. చిలుకను అంత శ్రద్ధగా వేసినవాడు డోడో దగ్గర ఊహించి వేస్తాడా? పైగా సూరత్‌లో రెండు డోడోలను చూశానని పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు రాశాడు. మన్సూర్ డోడో గోధుమరంగులో, సావరీ డోడో కంటే సన్నగా ఉంటుంది.

ఇక నకళ్లు. రాగిరేకు మీద బొమ్మను ఉన్నదున్నట్టు చెక్కి అచ్చేస్తే, రబ్బరు స్టాంపులాగే కుడి ఎడమలు తారుమారవుతాయి. రెండు పుస్తకాల్లో అదే భంగిమ, అదే కాలు ఎత్తడం ఉండి ముఖం మాత్రం అటుదిటైతే, ఒకటి రెండోదానికి కాపీ అని అనుమానించండి. పది బొమ్మలున్నా సాక్షి ఒక్కడే.

కొనేటప్పుడు భూతద్దం తప్పనిసరి. పాత రంగు అచ్చుల్లో చాలావాటికి రంగు చేత్తో వేసేవాళ్లు, అందుకే ముక్కు అంచు దగ్గర రంగు గీత దాటి కాస్త బయటికొస్తుంది. ఒక్కో కాపీకి రంగు కాస్త తేడాగా కూడా ఉంటుంది. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల మధ్య నేను మురిసిపోయి కొన్న "పురాతన" డోడోలో, ఇంటికొచ్చి చూస్తే, నీలం, ఎరుపు, పసుపు చుక్కలు వరుసగా కనిపించాయి. ఈ కాలపు ఆఫ్‌సెట్ ప్రింటు! బేరమాడి మరీ కొన్నాను.

చివరగా ఎముకలతో సరిచూడండి, కానీ వరస తప్పొద్దు: ఎముకలతో బొమ్మను సరిచూడాలి, బొమ్మతో ఎముకలను కాదు. 1865లో మారిషస్‌లోని మార్ ఓ సాంజ్ బురదలో బోలెడు డోడో ఎముకలు దొరికాయి. రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త వాటిని సావరీ బొమ్మ ఆకారంలో ఇమిడ్చి అస్థిపంజరం పేర్చాడు. పక్షి కుదించుకుపోయి కూర్చున్నట్టు తయారైంది. తర్వాత ఆయనే దాన్ని నిటారుగా దిద్దాడు.

డోడోలాగే అంతరించిన, ఎగరలేని న్యూజిలాండ్ పక్షి మోవాకైతే ఇంత తంటా లేదు. యూరప్ చిత్రకారులెవరూ దాన్ని ప్రాణంతో చూడలేదు కాబట్టి, వాళ్లు వేసిన మోవాలన్నీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి.