చేతల్లో విశ్వాసం, 4వ పాఠం: “ఏం వద్దండి” అన్నాక ఏం చేయాలి?

ఈ పాఠంలో అనాథ పిల్లల గురించి రాయాల్సింది. దాన్ని పక్కన పెట్టాను. పోయినసారి “కష్టంలో ఉన్న ఒక ఇంటికి వెళ్లండి, వాళ్లకేం కావాలో అడగండి” అని రాసి వదిలేశాను. మీరు వెళ్లారు, అడిగారు. దాదాపు అందరికీ ఒకటే జవాబు: “ఏం వద్దండి, దేవుని దయవల్ల బాగానే ఉన్నాం.” వాళ్లకు నిజంగానే ఏ లోటూ లేదేమో అని ఒక సోదరి రాసింది. తప్పు మీది కాదు. ఎలా అడగాలో నేను చెప్పలేదు.

నేను బర్తిమయిని దృష్టిలో పెట్టుకుని రాశాను. గుడ్డివాడని తెలిసి కూడా, నీకేం చేయమంటావని యేసు అతన్ని అడిగాడు (మార్కు 10:51). కానీ బర్తిమయి అప్పటికే, జనం ఊరుకోమన్నా వినకుండా కేకలు వేస్తున్నాడు. మీరు వెళ్లిన ఇంట్లో ఎవరూ కేకలు వేయడం లేదు. నలుగురికీ తెలియకుండా నెట్టుకొస్తున్నారు. వాళ్లను “ఏం కావాలి?” అంటే, తమ లేమిని తమ నోటితోనే చెప్పుకోమన్నట్టు.

ఇక నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఒకటుంది. “ఏదైనా అవసరముంటే మొహమాటపడకుండా చెప్పండి.” ఆరాధన అయ్యాక అంటాం, ఆసుపత్రి వరండాలో అంటాం, సమాధుల దగ్గర్నుంచి తిరిగొస్తూ అంటాం. నేనూ ఏళ్ల తరబడి అన్నాను. అనగానే మన మనసు తేలికపడుతుంది, భారమంతా వాళ్ల మీద పడుతుంది. ఏం అడగాలో వాళ్లే ఆలోచించుకోవాలి. ఎవరైతే విసుక్కోరో చూసుకోవాలి. ఫోన్ చేయడానికి ధైర్యం కూడగట్టుకోవాలి. భర్త పోయి పది రోజులైనా కాని మనిషి ఇదంతా చేయగలదా? రాత్రంతా ఐసీయూ బయట టెన్షన్‌తో కూర్చున్న కొడుకు చేయగలడా? యాకోబు పత్రిక 2:15, 16 మళ్లీ చదవండి. బట్టలూ ఆ పూట తిండీ లేనివాళ్లకు ఏమీ ఇవ్వకుండా, చలి కాచుకోండి, కడుపు నింపుకోండి అని పంపేసేవాళ్ల గురించి ఉంది. మన మాటకూ దానికీ తేడా మర్యాదలోనే.

అందుకని పని పేరు, సమయం మీరే చెప్పండి. “రేపు నాలుగింటికి పిల్లల్ని బడి నుంచి నేను తీసుకొస్తాను, సరేనా?” “శుక్రవారం రాత్రి ఆసుపత్రిలో నాన్నగారి దగ్గర నేనుంటాను, మీరు ఇంటికెళ్లి నిద్రపోండి.” “ఆ దరఖాస్తు ఆదివారం కూర్చుని నింపేద్దాం.” వద్దంటే సరేనని వచ్చేయండి. వారం తర్వాత ఇంకో చిన్న పని చెప్పి చూడండి. మూడుసార్లు వద్దంటే ఇక అడగకండి, పలకరింపు మాత్రం మానకండి.

అప్పిచ్చినవాడు తాకట్టు కోసం అవతలివాడి ఇంట్లోకి వెళ్లకూడదు, బయటే నిలబడాలి అంటుంది ద్వితీయోపదేశకాండం 24:10, 11. ఇవ్వడానికి వెళ్లిన మనకూ ఆ గడప గుర్తుండాలి. వంటింట్లోకి తొంగిచూడకండి.

రూతు 2వ అధ్యాయంలో పొలం యజమాని బోయజు, పరిగె ఏరుకోవడానికి వచ్చిన పేద విధవరాలు రూతు గురించి కోతవాళ్లకు చెప్పింది చూడండి: పనల్లోంచి కావాలనే కొన్ని వెన్నులు జారవిడవండి, ఆమెను గద్దించకండి. రూతు సాయంత్రం దాకా ఏరుకుంది, తనే దుళ్లగొట్టుకుంది, తనే ఇంటికి మోసుకెళ్లింది. సహాయం గురించి బైబిల్లో నాకు ఇంతకంటే ఇష్టమైన చోటు లేదు.

డబ్బైతే నేను చేతికివ్వను, సంఘం ద్వారా పంపుతాను. అపొస్తలుల కార్యములు 6లో భోజనం పంచడానికి ఏడుగురిని ఏర్పరచింది, కొందరు విధవరాండ్రకు అందడం లేదని తెలిసే. ఫోటోల సంగతి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

అభ్యాసం: దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ణి సత్రానికి చేర్చిన సమరయుడు (లూకా 10) పూటకూళ్లవాడికి రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి ఇచ్చి, మళ్లీ వస్తాను, ఎక్కువైతే ఇస్తాను అన్నాడు. మీరూ తిరిగి వెళ్లాలి. ఒకే ఇల్లు, వారానికి ఒక గంట, ఆరు వారాలు, అదే రోజు, అదే వేళ. ఆ ఇంటి సంగతి ఎవరికీ చెప్పకూడదు. ప్రార్థన విన్నపం పేరుతో కూటంలో కూడా చెప్పకూడదు. అక్కడే చాలామంది జారిపోతారు. అయిదో పాఠం ఆ ఆరు వారాలూ గడిచాకే రాస్తాను.