ధాన్యం మర మోటారు వేగం మార్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

స్విచ్ ఆపితే సరిపోదు. ప్లగ్గును సాకెట్‌లోంచి పూర్తిగా తీసి, పని చేస్తున్నంతసేపూ కంటికి కనిపించే చోటే ఉంచుకోవాలి. కరెంటు పోయింది కదా అని బెల్టు మీద చెయ్యి వేస్తే, సరఫరా తిరిగి వచ్చిన మరుక్షణం పుల్లీ (బెల్టు తగిలించే చక్రం) తిరుగుతుంది. ఈ ఒక్క విషయంలో ఎంత అనుభవజ్ఞులకైనా మినహాయింపు లేదు.

ప్లగ్గు తీశాక కూడా మోటారుకు ఉండే కెపాసిటర్‌లో (విద్యుత్తును నిల్వ ఉంచే భాగం) విద్యుత్తు నిలిచి ఉండవచ్చు కనుక ఆ భాగాన్ని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి.

వేగం తగ్గించడానికి ఫ్యాన్ రెగ్యులేటర్ తగిలించకూడదు. ఇలాంటి మరలకు సాధారణంగా ఉండే ఇండక్షన్ మోటారు వేగం ప్రధానంగా సరఫరా ఫ్రీక్వెన్సీ మీద, అంటే మన 50 హెర్ట్జ్ మీద, మోటారులోని పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) సంఖ్య మీద ఆధారపడుతుంది. వోల్టేజీ తగ్గిస్తే గింజల బరువు పడగానే టార్క్ (తిప్పే బలం) చాలక, వైండింగు వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. పుల్లీలు మార్చడమే మేలైన దారి అని నా అభిప్రాయం. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారుకు 2 అంగుళాల పుల్లీ, మరలోని రోలరుకు 12 అంగుళాల పుల్లీ అమర్చితే రోలరు సుమారు 240 చుట్లు తిరుగుతుంది. పుల్లీలు కొనడానికి సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ వెళ్లే ముందు షాఫ్టు (పుల్లీ ఎక్కే ఇరుసు) వ్యాసాన్ని, దాని మీద పుల్లీ జారకుండా పట్టే కీ గాడి వెడల్పును కొలిచి రాసుకోండి. పాత బెల్టునూ వెంట తీసుకెళ్లండి.

పుల్లీలు రెండూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో తిన్నని బద్ద ఆనించి చూడాలి; వరుస తప్పితే బెల్టు అంచు అరిగి, కింద నల్లటి పొడి రాలుతుంది. చున్నీ, చీర కొంగు, గాజులు దగ్గరకు రానివ్వకూడదు. బెల్టు మూత బిగించాకే ప్లగ్గు పెట్టి, మొదట గింజలు వేయకుండా కాసేపు తిప్పి చూడండి.