డాబా మీద మినీ-విప్: లో ఫ్రీక్వెన్సీ యాంటెన్నాను నిలబెట్టడం, ఎర్త్ చేయడం

500 కిలోహెర్ట్జ్ కంటే కింద ఏముందో వినాలనుకునే హ్యామ్‌లు (రేడియో అభిరుచి ఉన్నవాళ్లు) చాలావరకు మినీ-విప్ అనే చిన్న యాంటెన్నాతోనే మొదలుపెడతారు. నెదర్లాండ్స్ హ్యామ్ రోలోఫ్ బక్కర్ డిజైన్ ఇది. అరచేతిలో పట్టేంత రాగి రేకు, దాని వెనక ఒక జే310 ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్), ఒక 2ఎన్5109 ట్రాన్సిస్టర్. 12 నుంచి 15 వోల్టులు ఇస్తే సుమారు 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. రెడీమేడ్ బోర్డు కొన్నా, సొంతంగా సోల్డర్ చేసుకున్నా పనితీరులో పెద్ద తేడా ఉండదు.

తేడా అంతా దాన్ని ఎక్కడ నిలబెట్టాం, ఎలా ఎర్త్ చేశాం అన్న దగ్గరే వస్తుంది. పైపు మీద బిగించి, కేబుల్‌ను నేరుగా గదిలోకి లాగి రిసీవర్‌కు తగిలిస్తే చాలా ఇళ్లలో వినపడేది ఎల్‌ఈడీ బల్బుల గోల, ఛార్జర్ల గోల, ఇన్వర్టర్ గోల మాత్రమే. అప్పుడు యాంటెన్నా బలహీనంగా ఉందనుకుని ఇంకో యాంప్లిఫయర్ పెడతారు. సిగ్నల్‌తో పాటు గోల కూడా అంతే పెరుగుతుంది.

గోల ఏ దారిన వస్తుంది

రేకుకూ కేబుల్ పైతొడుగుకూ (షీల్డ్‌కు) మధ్య ఉన్న వోల్టేజీ తేడానే ఫెట్ చూస్తుంది. అంటే యాంటెన్నాలో సగం రేకు, మిగతా సగం షీల్డ్. ఆ షీల్డ్ గదిలోకి వెళ్లి, రిసీవర్ ద్వారా కంప్యూటర్‌కూ, అక్కడి నుంచి ఇంటి వైరింగ్‌కూ కలుస్తుంది. ఇంట్లోని ప్రతి స్విచింగ్ సప్లయ్ ఆ వైరింగ్‌లోకి తోసే గోల షీల్డ్ మీదుగా పైదాకా ఎక్కి, రేకు దగ్గర సిగ్నల్‌లాగే కనిపిస్తుంది. ఆ దశలో రెండింటినీ వేరుచేసే ఫిల్టర్ ఏదీ లేదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో వెబ్‌ఎస్‌డీఆర్ (ఇంటర్నెట్ ద్వారా ఎవరైనా వినగలిగే రిసీవర్) నడిపే పీటర్-ట్యెర్క్ డి బూర్ ఈ విషయాన్ని లెక్కలతో సహా విడమరిచి రాశారు. ఆ రిసీవర్ వింటున్నదీ మినీ-విప్‌తోనే.

కాబట్టి చేయాల్సినవి రెండు. పైపు మొదట్లో, ఇంటి బయటే, షీల్డ్‌ను నేలకు కలపాలి. అక్కడి నుంచి గదికి వెళ్లే దారిలో షీల్డ్ మీద నడిచే కరెంటును చోక్‌తో (ఫెర్రైట్ రింగుకు చుట్టిన కేబుల్‌తో) ఆపాలి. రెండూ ఉంటేనే ఫలితం. ఒక్క ఎర్త్ రాడ్ కొట్టి చోక్ వదిలేస్తే సగం పని కూడా అయినట్టు కాదు.

చోటు, పైపు

పెరడు ఉంటే డాబా కంటే పెరడే మేలు. ఇంటి గోడకు కనీసం ఐదు మీటర్ల దూరంలో, నాలుగు నుంచి ఆరు మీటర్ల ఎత్తు చాలు. ఇంటి వైరింగ్ చుట్టూ ఉండే దగ్గరి ఫీల్డ్ దూరంతో చాలా వేగంగా పడిపోతుంది. రెండు మీటర్లు పైకి లేపడం కన్నా మూడు మీటర్లు పక్కకు జరపడం ఎక్కువ సాయం చేస్తుంది.

డాబా మీదే పెట్టాల్సి వస్తే ఒకటి గుర్తుంచుకోండి. స్లాబులోని ఇనుప చువ్వలు నేలకు పొడిగింపు లాంటివి, అందుకని ఎత్తును స్లాబు నుంచి లెక్కపెట్టాలి. రేకు స్లాబుకు మూడు మీటర్లకు తగ్గకుండా ఉండాలి. స్లాబు మధ్యలో కంటే భవనం మూలకు దగ్గరగా పెడితే సిగ్నల్ కొంచెం మెరుగు. మోటారు వైరు, సోలార్ ప్యానెల్ కేబుళ్లు, పక్కింటి సర్వీసు వైరు ఏ మూలకు దూరమో చూసుకుని ఆ మూల ఎంచుకోండి. సోలార్ ఇన్వర్టర్ ఉంటే దానికి పూర్తిగా ఎదురు మూల.

పైపుకు 40 మిల్లీమీటర్ల పీవీసీ సరిపోతుంది కానీ మన ఎండలకు ఒక వేసవిలోనే వంగుతుంది. లోపల ఎండిన వెదురు గానీ ఫైబర్ కర్ర గానీ దూర్చండి. రెండు మీటర్ల ఎత్తులో మూడు నైలాన్ తాళ్లు కట్టండి, ఇనుప తీగ వద్దు. జీఐ పైపు వాడకూడదని చాలామంది అనుకుంటారు గానీ, పైపు పక్కన దిగే కేబుల్ షీల్డ్ కూడా లోహమే కదా. జీఐ పైపు వాడితే దాన్ని కింద ఎర్త్‌కు కలిపి, రేకును పైపు కొసకు కనీసం అర మీటరు పైన ఉంచితే చాలు.

బోర్డును పీవీసీ ముక్కలో పెట్టి పైన ఎండ్ క్యాప్‌ను సొల్యూషన్‌తో అతికించండి. కింది క్యాప్‌ను మాత్రం అతికించకుండా వదిలి, దానికి 3 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టండి. పూర్తిగా మూసేస్తే పగటి వేడికి, రాత్రి చల్లదనానికి లోపల తేమ పేరుకుని ఫెట్ గేటు దగ్గర లీకేజీ మొదలవుతుంది. వానాకాలంలో సిగ్నల్ నెమ్మదిగా పడిపోయి ఎండ కాస్తే మళ్లీ లేస్తోందంటే ఇదే కారణం. రంధ్రానికి దోమతెర ముక్క అతికించకపోతే కందిరీగలు మట్టితో పూడ్చేస్తాయి. కోతులు తిరిగే ఊళ్లలో కేబుల్ వేలాడకూడదు. వేలాడేది ఏదైనా అవి లాగుతాయి. ప్రతి 30 సెంటీమీటర్లకు నల్ల టై బిగించండి, తెల్లవి ఎండకు పెళుసెక్కి విరుగుతాయి.

ఎర్త్

కావలసినవి: 1.2 నుంచి 1.5 మీటర్ల పొడవున్న, రాగి పూత రాడ్లు రెండు, ఇత్తడి క్లాంపులు, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, డిష్ టీవీ బిగించేవాళ్లు వాడే, ఎర్త్ స్క్రూ ఉన్న ఎఫ్-కనెక్టర్ గ్రౌండింగ్ బ్లాక్ ఒకటి. కేబుల్‌గా డిష్‌కు వాడే ఆర్‌జీ-6 చాలు. 75 ఓమ్‌లు కదా అని సందేహం వద్దు, ఈ ఫ్రీక్వెన్సీల్లో ఆ తేడా లెక్కలోకి రాదు. దాని అల్లిక అల్యూమినియం కాబట్టి సోల్డర్ అంటదు. కంప్రెషన్ కనెక్టర్ వేయాలి. అల్లికను నేరుగా రాగి వైరుకు మెలిపెడితే ఒక వానాకాలంలో తెల్లగా పొడిబారి ఊడిపోతుంది. బ్లాక్ పెట్టమనేది ఇందుకే.

రాడ్లను పైపు మొదట్లో, ఒకదానికొకటి రాడ్ పొడవంత దూరంలో దిగ్గొట్టి వైరుతో కలపండి. రేగడి నేలలో సులువుగా దిగుతాయి గానీ, వేసవిలో ఆ నేల బీటలు వారి రాడ్ చుట్టూ సందు ఏర్పడుతుంది. ఏప్రిల్ నుంచి వారానికొక బిందెడు నీళ్లు పోయాలి. హైదరాబాద్‌లో చాలాచోట్ల అడుగు లోతులోనే రాయి తగులుతుంది. అక్కడ రాడ్‌తో కుస్తీ పట్టకుండా, నాలుగైదు మీటర్ల చొప్పున నాలుగు వట్టి రాగి తీగలను నాలుగు దిక్కులా జానెడు లోతు కాలువల్లో పూడ్చి మధ్యలో కలపండి. ఉప్పు, బొగ్గు వేసే పాత పద్ధతి పనిచేస్తుంది కానీ ఉప్పు రాడ్‌ను తినేస్తుంది. బెంటొనైట్ మేలు. కుళాయి పైపును మాత్రం ఎర్త్‌గా నమ్మకండి, ఇప్పటి ఇళ్లలో అది సీపీవీసీ.

యాంటెన్నా డాబా మీద ఉంటే బ్లాక్‌ను డాబా మీదే, పైపు మొదట్లో పెట్టి, అక్కడి నుంచి ఎర్త్ వైరును గోడ బయటివైపు నేరుగా రాడ్‌కు దించండి. ఏడు మీటర్ల వైరు ఇండక్టెన్స్ సుమారు 10 మైక్రోహెన్రీలు. 137 కిలోహెర్ట్జ్ దగ్గర అది తొమ్మిది ఓమ్‌లు కూడా కాదు. అదే వైరు 14 మెగాహెర్ట్జ్‌లో 880 ఓమ్‌లు, అంటే దాదాపు ఎర్త్ లేనట్టే. అందుకే హెచ్‌ఎఫ్ (3–30 మెగాహెర్ట్జ్) కోసం చెప్పే సూత్రాలను ఇక్కడికి తెచ్చి అంటించకూడదు.

చోక్

ఎఫ్‌టీ240-75 (75 రకం) ఫెర్రైట్ రింగు తీసుకుని, సన్నని ఆర్‌జీ-174 కేబుల్‌ను 20 చుట్లు చుట్టండి. రెండు చివర్ల తోకలతో కలిపి రెండు మీటర్లు సరిపోతుంది. ఇండక్టెన్స్ సుమారు 2.7 మిల్లీహెన్రీలు వస్తుంది, 137 కిలోహెర్ట్జ్ దగ్గర 2,300 ఓమ్‌లకు పైనే. మీ ఎర్త్ 50 ఓమ్‌లే అనుకున్నా, ఇంటి నుంచి వచ్చే గోల వోల్టేజీలో దాదాపు 47వ వంతే రేకు దగ్గరికి చేరుతుంది. 33 డెసిబెల్స్ లాభం. హెచ్‌ఎఫ్ బాలన్ల కోసం అందరి దగ్గరా ఉండే 43 రకం రింగు మీద అవే 20 చుట్లు చుడితే వచ్చేది 370 ఓమ్‌లే, లాభం 18 డెసిబెల్స్. చోక్ పెట్టినా ఏమీ మారలేదనేవాళ్లు ముందుగా రింగు రకం చూసుకోవాలి.

18 కిలోహెర్ట్జ్ దాకా దిగాలంటే ఆ 75 రకం కూడా 310 ఓమ్‌లకే పరిమితం. రెండు రింగులు జతగా పేర్చి చుడితే రెట్టింపవుతుంది. కేబుల్ గుండా వెళ్లే కరెంటుకు రింగు సాచురేట్ అవుతుందన్న భయం వద్దు. మధ్య తీగలో వెళ్లిందే షీల్డ్‌లో తిరిగొస్తుంది, రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. చోక్ చోటు బ్లాక్ తర్వాత, గది వైపు. బ్లాక్‌కు పైన పెడితే ఎర్త్‌తో కలిసి పనిచేయదు.

కరెంటు ఇవ్వడం

బోర్డుకు కరెంటు వెళ్లేది కూడా అదే కేబుల్ గుండా. దాన్ని కేబుల్‌లోకి ఎక్కించే టీవీ బూస్టర్ల పవర్ ఇన్‌సర్టర్ ఇక్కడ పనికిరాదు. దానిలోని కెపాసిటర్, కాయిల్ విలువలు మరీ చిన్నవి. సొంతంగా చేసుకోండి: 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్, 4.7 మిల్లీహెన్రీల కాయిల్. 12 వోల్టుల సీసీటీవీ అడాప్టర్ వాడితే ఆపాలనుకున్న గోలనే చేతులారా లోపలికి పంపినట్టు. పాత పద్ధతి ట్రాన్స్‌ఫార్మర్, 7812 ఐసీ మంచివి. 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ ఇంకా మంచిది, లెక్క ప్రకారం 140 గంటలు వస్తుంది.

తగిలించే వరస: ముందు ఎర్త్, తర్వాత కేబుల్, చివర కరెంటు. రెండు పిన్నుల అడాప్టర్ల మీద నడిచే ల్యాప్‌టాప్ బాడీ మెయిన్స్‌లో సగం దాకా వోల్టేజీ మీద తేలుతుంటుంది. ఎర్త్ లేకుండా కనెక్టర్ తాకిస్తే ఆ చిన్న స్పార్క్‌కే ఫెట్ పోవచ్చు.

పిడుగులు

నేరుగా పడే పిడుగును ఈ స్థాయి ఏర్పాట్లేవీ ఆపలేవు. చేయగలిగింది దగ్గర్లో పడిన పిడుగు నుంచి కాపాడుకోవడం. బ్లాక్ దగ్గర 90 వోల్టుల గ్యాస్ ట్యూబ్ అరెస్టర్ పెట్టండి. వాడనప్పుడు కేబుల్‌ను బ్లాక్ దగ్గరే, ఇంటి బయటే విప్పండి. గదిలో విప్పి టేబుల్ మీద పడేస్తే పిడుగును ఇంట్లోకి పిలిచినట్టే.

ఒక ఇంట్లో రెండు వేర్వేరు ఎర్త్‌లు ఉంటే పిడుగు సమయంలో వాటి మధ్య వేల వోల్టుల తేడా రావచ్చు. అందుకే అన్ని ఎర్త్‌లనూ కలపమని భద్రతా నియమాలు చెబుతాయి. నేరుగా కలిపితే గోల కూడా కలుస్తుంది. మధ్యేమార్గం రెండింటి మధ్య ఐసొలేటింగ్ స్పార్క్ గ్యాప్: మామూలుగా విడిగా ఉంచుతుంది, వోల్టేజీ పెరిగినప్పుడు కలుపుతుంది. అది దొరక్కపోతే 16 చదరపు మిల్లీమీటర్ల వైరుతో కలిపేయండి. కాస్త గోల భరించడమే నయం. అపార్ట్‌మెంట్‌కు లైట్నింగ్ కండక్టర్ ఉంటే మీ పైపు కొస దానికంటే బాగా కిందే ఉండాలి.

పనిచేస్తోందా, ఎలా తెలుస్తుంది

కరెంటు పోయిన వేళను మించిన పరీక్ష లేదు. ఇంటి ఇన్వర్టర్ కూడా ఆపి, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి, 10 నుంచి 500 కిలోహెర్ట్జ్ వాటర్‌ఫాల్‌ను (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో స్క్రీన్ మీద చూపే బొమ్మను) సేవ్ చేసుకోండి. మీ చోటులో అందగలిగిన ప్రశాంతత అదే. కరెంటు వచ్చాక బొమ్మ దానికి ఎంత దగ్గరగా ఉంటే మీ ఎర్త్, చోక్ అంత బాగున్నట్టు.

గోల మిగిలితే బోర్డు మీద స్టీలు టిఫిన్ డబ్బా బోర్లించి, డబ్బాను వైరుతో షీల్డ్‌కు కలపండి. అప్పుడు రేకు, షీల్డ్ కలిసే కదులుతాయి కాబట్టి కేబుల్ మీదుగా వచ్చే గోల మాయమవ్వాలి. ఇంకా మిగిలిన గీతలు పవర్ సప్లయ్‌వో, రిసీవర్‌లోనే పుట్టినవో. వాటికి ఎర్త్ మందు కాదు. డబ్బాతో మాయమై, తీశాక తిరిగొచ్చే గోలకు ఎంసీబీలను ఒక్కొక్కటే దించుతూ మూలం వెతకండి. 100 హెర్ట్జ్ ఎడంతో దువ్వెన పళ్లలా గీతలు పడితే ఫ్యాన్ రెగ్యులేటర్ గానీ డిమ్మర్ గానీ. పదుల కిలోహెర్ట్జ్ ఎడంతో, మసకగా, అటూఇటూ జరిగే పట్టీలైతే ఛార్జర్ లేదా ఎల్‌ఈడీ డ్రైవర్.

వినడానికి గుర్తులు: తిరునెల్వేలి దగ్గరి విజయనారాయణం నేవీ కేంద్రం 18.2 కిలోహెర్ట్జ్, ఆస్ట్రేలియాలోని నార్త్ వెస్ట్ కేప్ 19.8, జపాన్ టైమ్ సిగ్నల్ 40, 60, చైనాది 68.5. 18.2, 19.8 పగలు కూడా స్పష్టంగా పడకపోతే ఎక్కడో తెగిందనే అర్థం. హ్యామ్ బ్యాండ్లు 135.7–137.8, 472–479 కిలోహెర్ట్జ్. డబ్ల్యూఎస్‌పీఆర్ (హ్యామ్‌లు పంపే బలహీన డిజిటల్ సిగ్నళ్లు) కోసం డయల్ 136.0, 474.2 దగ్గర పెట్టి డిసెంబరు, జనవరి రాత్రుల్లో ప్రయత్నించండి. మే, జూన్‌లలో ఉరుముల చిటపటల్లో బలహీన సిగ్నళ్లు మునిగిపోతాయి.

ఆకాశవాణి ట్రాన్స్‌మిటర్‌కు దగ్గర్లో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. హైదరాబాద్‌లో 738, 1377 రెండూ బలంగా ఉన్నప్పుడు 639 కిలోహెర్ట్జ్‌లో రెండు కార్యక్రమాలూ కలగలిసి వినిపిస్తే అక్కడ స్టేషన్ ఉందని కాదు. ఆ రెండింటి తేడా అది, ఓవర్‌లోడ్ వల్ల పుట్టింది. రేకును సగానికి కత్తిరించండి, లేదా పైపును మీటరు దించండి. రిసీవర్ ముందు 500 కిలోహెర్ట్జ్ లో-పాస్ ఫిల్టర్ పెడితే రిసీవర్‌లో పుట్టేది పోతుంది గానీ ఫెట్‌లోనే పుట్టినది పోదు. వికారాబాద్ జిల్లా దామగుండంలో 2024 అక్టోబరు 15న నేవీ రెండో వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అది ప్రసారాలు మొదలుపెట్టాక ఆ చుట్టుపక్కలవాళ్లు కూడా ముందు చూసుకోవాల్సింది రేకు సైజే.