బూడిద దిబ్బ తవ్వుతున్నారా, ముందు మట్టి రంగు చూడండి

మొదటిసారి తవ్వకానికి వెళ్లేవాళ్లు రాతి గొడ్డలి ఎప్పుడు దొరుకుతుందా అని ఎదురుచూస్తుంటారు. దాన్ని కాసేపు మర్చిపోండి. 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో నవీన శిలాయుగపు బూడిద దిబ్బను తవ్వితే పశువుల గిట్టల అచ్చులు, దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంటలు బయటపడ్డాయి. అదంతా పేడ కాలిన బూడిద, అక్కడ మందల్ని తోలి ఉంచేవారు అని ఇవాళ మనం చెప్పగలుగుతున్నామంటే అందులో ఆ గుర్తుల పాత్ర చాలా ఉంది. ఆత్రంగా గడ్డపార వేసి ఉంటే ఒక్క పూటలో పోయేవి.

భారత పురావస్తు సర్వే లైసెన్సు లేకుండా పార పట్టకండి, మీ సొంత పొలమైనా సరే.

దిబ్బ మీద తాళ్లతో గళ్లు కట్టుకుని, గడికీ గడికీ మధ్య కొంత మట్టి తవ్వకుండా గోడలా వదిలేయాలి. పొరలు ఎలా పేరుకున్నాయో తర్వాత ఆ గోడే చూపిస్తుంది. తాపీతో పల్చగా గీరుతూ వెళ్లండి, మట్టి రంగు మారినా, చేతికి మెత్తగా తగిలినా అక్కడే ఆగండి. పొర మారితే దొరికినవి వేసే సంచి మార్చాలి, చీటీ మీద గడి నంబరు, పొర, లోతు, తేదీ అప్పటికప్పుడే రాయాలి. సాయంత్రం రాసుకుందాంలే అనుకుంటే ఏ పెంకు ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు.

బూడిద రంగు నేలలో గుండ్రటి నల్ల మచ్చ కనిపించిందా? వెంటనే తవ్వేయకండి. కొంచెం నీళ్లు చిలకరిస్తే అంచు తేటగా తెలుస్తుంది. ఫొటో తీసి, గీసుకుని, అప్పుడు సగం మాత్రమే తీయండి. కోసిన ముఖంలో వదులు మట్టి నిలువుగా దిగి కనిపిస్తే అది గుంజ గుంట కావచ్చు, వంకరటింకరగా పక్కలకు పోతే ఎలుక బొరియ అయ్యే అవకాశమే ఎక్కువ.

బొగ్గును వేళ్లతో ముట్టకుండా శుభ్రమైన తాపీ మొనతో తీసి అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టండి, ఎన్నేళ్ల నాటిదో తేల్చే కార్బన్ పరీక్షకు పనికొస్తుంది. పొయ్యి చుట్టుపక్కల మట్టిని మాత్రం పారబోయొద్దు, నీళ్లలో కలిపితే మాడిన గింజలు పైకి తేలతాయి, వాటిని సన్నటి జల్లెడలో పట్టి నీడలోనే ఆరబెట్టాలి. దక్షిణాది నవీన శిలాయుగ ఊళ్లలో ఉలవలు, పెసలు, అండు కొర్రలు ఇలాగే దొరికాయి. నాలుగు వేల ఏళ్ల నాటి ఉలవగింజ అరచేతిలో ఉంటే ఆ ఇంటివాళ్లు ఏం వండుకున్నారో కళ్లముందుకొస్తుంది!

పొరల ఫొటోలు పొద్దున్నే తీయండి. మిట్టమధ్యాహ్నం ఎండకు రంగులన్నీ ఒకేలా తెల్లబోతాయి.