అమెరికాలో ఇంటి దస్తావేజులో జాతి నిబంధనను వెదకడం ఎలా

అమెరికాలో పాత పేటలో ఇల్లు కొనే తెలుగు కుటుంబాలు బడి రేటింగు, ఆస్తి పన్ను, పైకప్పు వయసు ఆరా తీస్తాయి గాని, ఊళ్లో పొలం కొనేటప్పుడు ఈసీనీ లింకు డాక్యుమెంట్లనూ తిరగేసినట్లు అక్కడి దస్తావేజులను తిరగేయడం అరుదు. ఆ పని, ఆస్తి హక్కు పత్రాలను పరిశీలించి వాటికి బీమా ఇచ్చే టైటిల్ కంపెనీ చూసుకుంటుందన్న ధీమా అందుకు కారణం. కాని 20వ శతాబ్దపు తొలి సగంలో వేసిన అనేక లేఅవుట్ల దస్తావేజుల్లో, ఆ స్థలాన్ని నల్లజాతీయులకు అమ్మరాదని, అద్దెకు ఇవ్వరాదని, వారిని అందులో నివసించనివ్వరాదని రాసిన షరతులు నేటికీ ఉన్నాయి. వీటిని రేషియల్ కవనెంట్లు అంటారు. చట్టం ముందు ఇవి చెల్లని కాగితాలే అయినా, ఆ పేట ఈనాడు ఇలా ఎందుకు ఉన్నదో తెలుసుకోవాలంటే వీటిని చదవక తప్పదు.

ముందుగా కాలాన్ని గుర్తు పెట్టుకోవాలి. జాతిని బట్టి నివాస ప్రాంతాలను విడదీసే నగర శాసనాలను సుప్రీంకోర్టు 1917లో కొట్టివేయగా, అదే పనిని ప్రైవేటు ఒప్పందాల ద్వారా సాగించే పద్ధతి బలపడింది. 1926లో అదే కోర్టు ఆ ఒప్పందాల జోలికి పోకుండా వదిలేసింది. 1934లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, ఇంటి రుణాలకు పూచీ ఇవ్వడానికి పాటించాల్సిన నియమావళిలో ఇలాంటి షరతులను సిఫారసు చేసింది. సెయింట్ లూయిస్‌లో షెల్లీ అనే నల్లజాతి కుటుంబం 1945లో కొన్న ఇంటిపై 1911 నాటి షరతు ఉండడంతో పుట్టిన వ్యాజ్యంలో, ఇటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో తీర్పు వచ్చింది. దానితో కలిపి విన్న డెట్రాయిట్ కేసును వాదించినవారు నల్లజాతి న్యాయవాది థర్గుడ్ మార్షల్. అయినా పొరుగువారు తమలో తాము ఈ షరతును పాటించుకోవడం అప్పటికి చట్టవిరుద్ధం కాలేదు. 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చాకే అది నిషిద్ధమైంది. కాబట్టి మీ లేఅవుట్ 1910 నుంచి 1950 లోపు వేసినదైతే శ్రద్ధగా వెదకండి.

ఇంటి ఒప్పందం కుదిరాక టైటిల్ కంపెనీ ఇచ్చే టైటిల్ కమిట్‌మెంట్‌లో, కాలిఫోర్నియాలోనైతే ప్రిలిమినరీ రిపోర్టులో, బీమా వర్తించని మినహాయింపుల జాబితా ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో దీనిని షెడ్యూల్ బి అంటారు. అందులో పలానా సంవత్సరపు, పలానా పుస్తకం, పలానా పేజీలోని షరతులకు లోబడి అని రాసి, జాతి, వర్ణం, మతం ఆధారంగా వివక్ష చూపే భాగాన్ని వదిలివేశామని చేర్చిన వాక్యం కనిపించవచ్చు. చాలా కంపెనీలు దీనిని ముందుజాగ్రత్తగా అన్ని నివేదికల్లోనూ పెడతాయి కనుక, అది కనబడగానే నిర్ధారణకు రాకండి. పుస్తకం, పేజీ సంఖ్యలను రాసుకుని దస్తావేజులు నమోదు చేసే కౌంటీ రికార్డర్ కార్యాలయంలో అసలు పత్రం నకలు అడగండి. ఆన్‌లైన్ సూచికలు చాలా కౌంటీలలో ఇటీవలి దశాబ్దాలకే పరిమితం. పాతవాటికి అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు ఆధారంగా ఒక్కో చేతిమార్పునూ వెనక్కి పట్టుకుంటూ లేఅవుట్ వేసిన సంస్థ వరకు చేరాలి. షరతు మీ దస్తావేజులో కాక, లేఅవుట్ మొత్తానికి నమోదు చేసిన ప్రకటనలో ఉండడం సాధారణం.

మిన్నియాపొలిస్ ప్రాంతమైతే, మిన్నెసోటా విశ్వవిద్యాలయపు మ్యాపింగ్ ప్రెజుడిస్ ప్రాజెక్టు 2016 నుంచి ఈ షరతులను పటంపై గుర్తిస్తున్నది. సియాటిల్‌కు వాషింగ్టన్ విశ్వవిద్యాలయం అలాంటి పనే చేసింది. రెడ్‌లైనింగ్ పటాలు వేరే సంగతి. అవి 1930లలో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ, అప్పు ఇవ్వడంలో ముప్పును బట్టి పేటలను ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు రంగుల్లో వర్గీకరించిన పటాలు. రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం వాటిని అందుబాటులో ఉంచింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలే గాని ఒకటిగా కలిపేయకూడదు.

పత్రం దొరికాక మూడు అంశాలు చూడండి: ఎవరిని నిషేధించారు, ఎంతకాలం, ఎవరికి మినహాయింపు. కొన్నింటిలో ఆఫ్రికన్ సంతతితో పాటు చైనీయులు, జపనీయులు, ఆసియావారు ఉంటారు; కొన్ని కాకేసియన్లు (శ్వేతజాతీయులు) తప్ప ఎవరూ వద్దంటాయి. అమెరికా పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థిండ్ అనే భారతీయుడి కేసులో భారతీయులు పౌరసత్వ చట్టపు అర్థంలో శ్వేతజాతీయులు కారని సుప్రీంకోర్టు 1923లోనే తేల్చింది కనుక, ఈ గేటు ఎవరికి మూసుకున్నదో మనవారు ఆలోచించుకోవచ్చు. అన్నిటికంటే నిలిచి చదవాల్సింది మినహాయింపు: యజమాని ఇంట పనిచేసే సేవకులుగా నల్లజాతీయులు ఆ ఇంట్లో ఉండవచ్చు. అంటే అదే కప్పు కింద రాత్రింబవళ్లు గడపవచ్చు గాని, దానికి హక్కుదారు కాలేరు. షరతు అడ్డుకున్నది వారి ఉనికిని కాదు, వారి హక్కును. 2022 ఫెడరల్ రిజర్వ్ సర్వేలో శ్వేతజాతి కుటుంబాల మధ్యగత సంపద 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబాలది 44,900 డాలర్లు. అమెరికా మధ్యతరగతి సంపదలో పెద్ద భాగం ఇల్లేనన్న విషయంతో కలిపి చదివితే ఆ మినహాయింపు వాక్యం బరువు తెలుస్తుంది.

దీనితో ఆగితే షరతు రాసినవారి మాట ఒక్కటే విన్నట్లు. నగర గ్రంథాలయంలో నల్లజాతి పత్రికల పాత సంచికలు అడగండి: చికాగోకు డిఫెండర్, సెయింట్ లూయిస్‌కు ఆర్గస్, మిన్నియాపొలిస్‌కు స్పోక్స్‌మన్. ఇళ్లు కొనబోయి ఎదురుదెబ్బలు తిన్నవారి కథనాలు, పోరాటాలకు చందాల విజ్ఞప్తులు వాటిలో ఉంటాయి.

ఇక షరతును ఏం చేయాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో రిస్ట్రిక్టివ్ కవనెంట్ మాడిఫికేషన్ అనే పత్రాన్ని కౌంటీకి సమర్పించవచ్చు. 2021 చట్టం ప్రకారం కౌంటీలే పాత రికార్డులను వెదికి సవరించాలి, అసలు ప్రతిని భద్రపరచాలి. మిన్నెసోటాలో 2019 చట్టం యజమానికి షరతును తిరస్కరిస్తున్నట్లు నమోదు చేసే వీలు ఇచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రం 2023లో ఒక అడుగు ముందుకు వేసి, దస్తావేజుల నమోదుపై 100 డాలర్ల రుసుము విధించి, ఆ సొమ్ముతో నాటి వివక్షకు గురైనవారి వారసుల ఇళ్ల కొనుగోలుకు సాయం చేస్తున్నది. అర్హుల జాబితాలో భారతీయ మూలాలవారూ ఉన్నారు గాని, కుటుంబం 1968 ఏప్రిల్‌కు ముందే ఆ రాష్ట్రంలో ఉండి ఉండాలి; కనుక ఐటీ ఉద్యోగాలకు వెళ్లిన మనవారు ఆశపడనక్కరలేదు.

నా అభిప్రాయంలో మూడో పద్ధతే అసలు విషయాన్ని తాకుతుంది. మిగతా రెండింటిలో కాగితం శుభ్రపడుతుంది, నష్టం అలాగే ఉంటుంది. అయినా సవరణ చేయదలిస్తే ముందుగా అసలు పత్రానికి ధ్రువీకరించిన నకలు తీసుకుని, దానిలో ఒక ప్రతిని స్థానిక చరిత్ర సంఘానికి ఇవ్వండి. షరతు లేఅవుట్ మొత్తానిదైతే, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) బోర్డుకు లిఖితపూర్వకంగా రాయండి; కాలిఫోర్నియాలో సభ్యుల ఓటింగు లేకుండానే బోర్డు ఆ వాక్యాన్ని తొలగించవలసి ఉంటుంది.