పక్కనున్న ఫ్యాక్టరీ పర్యావరణ లెక్కలు ఏళ్ల తరబడి పట్టి చూడాలంటే

కృష్ణపట్నం చుట్టుపక్కల వంటనూనె రిఫైనరీ కావచ్చు, చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ కావచ్చు, సింగరాయకొండ వైపు రొయ్యల ప్లాంటు కావచ్చు. ఫ్యాక్టరీ బాగుపడుతోందా, దిగజారుతోందా అని తెలియాలంటే ఒక్క ఏడాది రిపోర్టు చదివితే ఏమీ తేలదు. అందులో కంపెనీ పోయినేడాదితో మాత్రమే పోల్చి చూపిస్తుంది, పోయినేడాదితో పోలిస్తే బాగా కనపడదనుకుంటే ఇంకో ఏడాదిని బేస్ ఇయర్ (పోలికకు ఆధార ఏడాది) అంటుంది. అందుకని పట్టిక మనమే కట్టుకోవాలి. గూగుల్ షీట్ చాలు.

ముందు తేల్చుకోవాల్సింది, మీరు చూస్తున్నది కంపెనీనా, మీ ఊరి ప్లాంటునా? షేర్ మార్కెట్లో ఉన్న టాప్ 1000 కంపెనీలు 2022-23 నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం బీఆర్‌ఎస్‌ఆర్ అనే వ్యాపార బాధ్యత, సుస్థిరత రిపోర్టు తప్పనిసరిగా ఇవ్వాలి. నీళ్లు, కరెంటు, వ్యర్థాలు, కర్బన ఉద్గారాలు అన్నీ అందులో ఆరో సూత్రం కింద ఉంటాయి. కానీ అది కంపెనీ మొత్తానికి, నాలుగు రాష్ట్రాల్లో పది ప్లాంట్లుంటే ముత్తుకూరు మండలంలోది అందులో ఎక్కడో కలిసిపోతుంది. ఒక ప్లాంటు సంగతి కావాలంటే ఫారం 5 పట్టుకోండి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాల్సిన ప్రతి యూనిట్ మార్చితో ముగిసే ఏడాదికి సెప్టెంబరు 30 లోపు మండలికి ఇవ్వాల్సిన పర్యావరణ ప్రకటన ఇది. టన్ను లాంటి ఒక కొలత సరుకుకు ఎన్ని నీళ్లు, ఎంత ముడిసరుకు, బయటికి ఎంత కాలుష్యం, ప్రమాదకర వ్యర్థాలెన్ని అన్నీ ఇందులో ఉండాలి. చిన్న గ్రానైట్ యూనిట్లకు బీఆర్‌ఎస్‌ఆర్ ఉండదు కాబట్టి వాటికి ఇదే ఆధారం. థర్మల్ కేంద్రం, బల్క్ డ్రగ్స్ (మందుల ముడిసరుకు) లాంటి పర్యావరణ అనుమతి కావాల్సిన వాటికైతే ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి ఇచ్చే ఆర్నెల్ల నివేదికలు కూడా ఉంటాయి, 2006 నోటిఫికేషన్ ప్రకారం అవి ప్రజలు చూడదగ్గ పత్రాలే.

ఆన్‌లైన్‌లో దొరక్కపోతే మండలి ప్రాంతీయ కార్యాలయానికి సమాచార హక్కు అర్జీ పెట్టండి, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. 'కాలుష్యం వివరాలు ఇవ్వండి' అని మాత్రం రాయకండి, ఏదో ఒక కాగితం చేతిలో పెట్టి పంపేస్తారు. 'ఫలానా యూనిట్ 2019-20 నుంచి 2023-24 వరకు ఇచ్చిన ఫారం 5 నకళ్లు, ఆ కాలంలోని సీఎఫ్‌ఓ ఉత్తర్వులు' అని పేరు, ఏడాది చెప్పి అడగండి. సీఎఫ్‌ఓ అంటే ప్లాంటు నడపడానికి మండలి ఇచ్చే అనుమతి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నాయుడుపేట, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయాయి కాబట్టి పాత ఫైళ్లలో జిల్లా పేరు వేరేగా ఉంటుంది, మండలం, సర్వే నంబరు రాస్తే గొడవుండదు.

ఇప్పుడు అసలు కిటుకు. ఏ అంకెనైనా దేంతో భాగిస్తున్నారో చూడండి. 'రూపాయి టర్నోవర్‌కు నీటి వాడకం తగ్గింది' అని కంపెనీలు గొప్పగా రాసుకుంటాయి. ఒక నూనె రిఫైనరీ ఏడాదికి లక్ష టన్నులు శుద్ధి చేసి 50 వేల కిలోలీటర్ల నీళ్లు వాడిందనుకుందాం, టర్నోవర్ 800 కోట్లు. మరుసటేడు నూనె ధర పెరిగి అదే లక్ష టన్నులకు 1300 కోట్లు వచ్చింది, నీళ్లు మాత్రం అవే 50 వేలు. కోటికి 62.5 కిలోలీటర్లు కాస్తా 38.5కి దిగింది, అంటే రిపోర్టులో '38 శాతం తగ్గింపు'! ఒక్క బిందె కూడా మిగల్లేదు. 2022లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసినప్పుడు ధరలు ఎలా ఎగబాకాయో గుర్తుందిగా, ఆ ఏడాది అంకెలు చూసేటప్పుడు మరీ జాగ్రత్త. ఎప్పుడూ టన్నుకే భాగించండి, గ్రానైట్ అయితే చదరపు మీటరుకు. కొత్త బీఆర్‌ఎస్‌ఆర్ నమూనాలో ఉత్పత్తి పరిమాణం ప్రకారం లెక్క అడిగే వరుస కూడా ఉంది, ముందు అక్కడికే పోండి.

దాని పక్కనే మొత్తం అంకె కూడా రాసుకోండి. టన్ను లెక్క కంపెనీ పనితనం చెబుతుంది, ఊరి బోర్లకు, కాలువకు తగిలేది మొత్తం. లాక్‌డౌన్ ఏడాది 2020-21లో ఉత్పత్తి పడిపోయిన చోట మొత్తం తగ్గి టన్నుకు పెరిగి ఉండొచ్చు, ఎందుకంటే బాయిలర్ వేడెక్కడానికి, ట్యాంకులు కడగడానికి అయ్యే ఖర్చు సరుకు తక్కువైనా అంతే. కాబట్టి ఆ ఏడాదిని బేస్ చేసుకుని ఎవరు మాట్లాడినా నమ్మొద్దు.

గ్రానైట్ దగ్గర ఇంకో మెలిక ఉంది. కటింగ్‌కు వాడిన నీళ్లు సెట్లింగ్ ట్యాంకుల్లో స్లర్రీ (రాతిపొడి బురద) అడుక్కి దిగాక మళ్లీ మిషన్‌కే వస్తాయి. అలా రోజంతా తిరిగే నీళ్లు వేరు, బోరు నుంచి కొత్తగా పోసేవి వేరు. ఒక ఏడాది ఒకటి, ఇంకో ఏడాది ఇంకోటి రాస్తే పట్టిక గందరగోళమే. కొత్త నీళ్లే తీసుకోండి. ఫారం 5లో నీళ్లు రోజుకు ఘనపు మీటర్లలో ఉంటాయి, ఏడాదికి మార్చేటప్పుడు 365తో కాదు, ప్లాంటు నడిచిన రోజులతో గుణించాలి. కరెంటు గిగాజౌళ్లలో ఉంటే 3.6తో భాగిస్తే మెగావాట్ అవర్లు వస్తాయి. కర్బన లెక్క కన్నా కరెంటు యూనిట్లనే పట్టుకోవడం నయం, గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున వేసే గుణకాన్ని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొత్త లెక్కలతో మారుస్తుంటుంది, కంపెనీ ఏమీ చేయకపోయినా అంకె మారిపోతుంది.

దుమ్ము, గాలి రీడింగులకు కాలం ముఖ్యం. నెల్లూరు, ప్రకాశం వైపు మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, దుమ్ము అణిగిపోతుంది. ఏప్రిల్-సెప్టెంబరు నివేదికను అక్టోబరు-మార్చి దానితో పోల్చకండి, మళ్లీ ఏప్రిల్-సెప్టెంబరుతోనే పోల్చండి. రీడింగ్ తీసిన చోటు, ల్యాబ్ పేరు కూడా ఒక గడిలో వేసుకోండి. ఊరి స్కూలు దగ్గర తీసేది ఉన్నట్టుండి ప్లాంటుకు గాలి వచ్చే వైపుకు మారితే పీఎం10 (గాలిలోని సన్నటి దుమ్ము కొలత) అదాటున దిగుతుంది, అంతమాత్రాన ఫిల్టర్లు బాగుపడ్డాయని కాదు. 'గుర్తించలేదు' అని ఉంటే సున్నా వేయకండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. రెండు మూడు ఆర్నెల్లు నీళ్లలోని మలినాలకు కొలతలైన బీఓడీ, సీఓడీ దశాంశంతో సహా అవే వచ్చాయంటే కాపీ కొట్టారని అనుమానించొచ్చు, ఆ గడికి ఎర్ర రంగు వేయండి.

పోల్చాల్సిన పరిమితి సీఎఫ్‌ఓలో ఉన్నది. నదీ, కాలువ లాంటి ఉపరితల జలాల్లోకి వదిలే నీటికి సాధారణ ప్రమాణం బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250. కానీ ఆ యూనిట్‌కు మండలి ఇంకా గట్టి షరతు పెట్టి ఉండొచ్చు. సీఎఫ్‌ఓ రెన్యువల్‌లో ఉత్పత్తి సామర్థ్యం పెరిగిందా అని కూడా చూడండి, ఆ ఏడాది నుంచి మీ పట్టికలో ఒక గీత గీసి ముందూ వెనకా విడిగా చదవాలి.

చివరి కాలమ్ 'కారణం'కి వదిలిపెట్టండి. అంకె ఇరవై శాతం దాటి మారిన ప్రతి చోటా కొత్త మిషనా, సామర్థ్యం పెంపా, కొలత మార్పా అని రాయండి. తెలియకపోతే ఖాళీగా ఉంచి, ఆ ఖాళీలన్నీ ఒక కాగితం మీద పెట్టి కంపెనీ పర్యావరణ విభాగానికి ఈమెయిల్ చేయండి, పదిహేను రోజులు చూసి మండలి ఇంజినీరుకు అదే జాబితా పంపండి.